ఏటిమొగలో గాలం

మా కోనసీమకు గాలం వేయడానికి వస్తామని ఎవరు ఫోను చేసినా, వారు వచ్చే రోజు ఏ తిథి అని నేను ముందుగా అడుగుతాను. ఎంతమంది వస్తున్నారు, ఎక్కడ దిగుతారు అన్నవి ఆ తరువాతి మాటలు. చాలామంది నేను ముహూర్తం చూస్తున్నాననుకుని, మంచి రోజు చూసుకునే వస్తున్నామండి అని బదులిస్తారు. నేను చూసేది నీటిని. అమావాస్యకో పౌర్ణమికో ఏటిలో పోటు ఎంత ఉరవడిగా ఎక్కుతుందో, అష్టమినాడు అదే నీరు ఎంత మందకొడిగా కదులుతుందో తెలియకుండా గోదావరి పాయల మీద పడవ ఎక్కితే, ఎంత ఖరీదైన రాడ్డూ రీలూ చేతిలో ఉన్నా సాయంత్రానికి ఉత్త బుట్టతో ఒడ్డుకు రావలసి వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఈ నీళ్ల మీద తిరుగుతున్నాను కాబట్టి, ఏ కాలంలో ఏ చేప ఎక్కడ దొరుకుతుందో, దానికోసం వచ్చేవారు ఏమేమి తెలుసుకుని రావాలో ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి యానాం పక్కగా సాగి, కోరంగి మడ అడవులకు నీరందిస్తూ సముద్రాన్ని చేరుతుంది. పడమట వశిష్ఠ నరసాపురం దాటి అంతర్వేది దగ్గర కలుస్తుంది. వశిష్ఠ నుండి విడిపోయిన వైనతేయ బోడసకుర్రు మీదుగా వచ్చి ఓడలరేవు దగ్గర కలుస్తుంది. పెద్దలు చెప్పే సప్తగోదావరుల లెక్క వేరు, అది స్నానానికీ తీర్థానికీ సంబంధించినది. గాలం వేసేవారికి ఈ మూడు మొగలే ముఖ్యం. మొగ అంటే ఏరు సముద్రంలో పడే నోరు. ఈ మూడింటి నడుమ సాగునీటి కాలువలు, మురుగు కాలువలు, ఉప్పుటేర్లు, లంకల మధ్య సన్నని పాయలు అల్లుకుపోయి ఉంటాయి. అందువల్ల తెల్లవారుజామున కాలువ గట్టున కొరమేనుకు, పగలు ఏటిలో పండుగప్పకు, పొద్దువాలే వేళ సముద్రపొడ్డున మాగకో గొరకకో గాలం వేసే వీలు ఒక్క రోజులోనే ఇక్కడ దొరుకుతుంది. ఇటువంటి సౌకర్యం ఉన్న సీమలు మన దేశంలో ఎక్కువ లేవని నా నమ్మకం.

రోజుకు రెండుసార్లు పోటు ఎక్కుతుంది, అంటే సముద్రపు నీరు ఏటిలోకి పొంగుతుంది; రెండుసార్లు పాటు తీస్తుంది, అంటే ఆ నీరు వెనక్కి పోతుంది. చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా ఉదయించినట్లే పోటు కూడా ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మా మేనమామ దీనిని తిథికి రెండు ఘడియలని లెక్క కట్టేవాడు. ఘడియకు 24 నిమిషాలు కాబట్టి రెండు ఘడియలంటే 48 నిమిషాలు. ఇవాళ ఫోనులో చూసుకునే పోటు పట్టికకూ ఆయన వేళ్ల లెక్కకూ తేడా రెండు నిమిషాలే. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలుస్తుంది కాబట్టి పోటు పెద్దదిగా ఉంటుంది, అష్టమికి ఆ బలం చీలిపోయి నీరు నెమ్మదిస్తుంది. ఏటిలో రాటలు పాతి సంచి వలలు కట్టేవారికి ఉరవడి కావాలి కాబట్టి వారు పున్నమి, అమావాస్యల చుట్టూ పని పెట్టుకుంటారు. గాలానికి అంత ఉరవడి పనికిరాదు. బురద లేచి నీరు చిక్కబడుతుంది, ఎర నేలకు ఆనదు, ఎంత సీసం కట్టినా దారం కొట్టుకుపోతుంది. చవితి మొదలు సప్తమి వరకు, మళ్లీ దశమి తరువాత రెండు మూడు రోజులు నాకు బాగా కలిసివచ్చాయి. ఆ రోజులలో కూడా పోటు నిండి, నీరు ఒక అరగంట నిలబడి, పాటు తీయడం మొదలయ్యే సమయం అన్నిటికన్నా మేలైనది. అప్పుడు లంకల అంచులలోనూ మడ వేళ్ల నడుమనూ మేసిన చిన్న చేపలు, రొయ్యలు నీటితోపాటు వెనక్కి జారుతాయి. వాటి కోసం పెద్ద చేప పాయ నోటి దగ్గర కాచుకుని ఉంటుంది.

నాకు గాలం పట్టడం నేర్పింది ఆ మేనమామే. మా ఇంటి వెనుక పంటకాలువ ఉండేది. సన్న వెదురు కర్ర, దానికి దారం, జీలుగు బెండు ముక్క, తడి మట్టిలో తవ్వి తీసి కొబ్బరి చిప్పలో పోసుకున్న ఎర్రలు (వానపాములు), ఇవే మా సరంజామా. ఎర్ర గుచ్చేటప్పుడు గాలం మొన బయటకు కనిపించకూడదని, బెండు మొదటిసారి వణికినప్పుడు లాగకూడదని, అది ఒక పక్కకు వాలి నీటిలోకి దిగేవరకు ఓపిక పట్టాలని ఆయన మాటలతో కాక నా మణికట్టు పట్టుకుని చెప్పేవాడు. జెల్ల అయితే బెండును ఒక్క గుంజుడు గుంజుతుంది. బొమ్మిడాయి కొరికి కొరికి వదులుతుంది. శీలావతి ఎరను నోటిలో పెట్టుకుని కాసేపు ఆలోచించినట్లు ఆగుతుంది. ఏ చేప పడిందో తీయకముందే చెప్పడం మా ఇద్దరికీ పందెంగా ఉండేది. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున మిగిలిన మడుగులలో ఊరంతా దిగి చేపలు పట్టేది. 1986 ఆగస్టు వరద తీసిన తరువాత కొబ్బరి తోటల గుంటలలో బారెడు వాలుగలు చిక్కుకుని ఉండగా చూసిన గుర్తు నాకు ఇప్పటికీ చెరగలేదు.

కాలువలలో ఇప్పటికీ మంచి వేట ఉన్నది. కొత్తగా గాలం పట్టేవారు, పిల్లలతో వచ్చేవారు అక్కడే మొదలుపెట్టడం మంచిది. గుర్రపుడెక్క దట్టంగా పెరిగిన మురుగు కాలువల అంచులలో కొరమేను ఉంటుంది. అది గాలి పీల్చడానికి పైకి వచ్చినప్పుడు నీటి మీద చిన్న బుడగ చప్పుడు వినిపిస్తుంది, ఆ చోటికి రెండు మూరలు అవతల ఎర వేసి మెల్లగా దాని ముందుకు లాగాలి. బొచ్చె, శీలావతి కోసం వేరుశనగ చెక్కలో తవుడు కలిపి ముద్ద చేసి ముందుగా నీటిలో విడవడం వాడుక. చేపల చెరువుల గట్లు వరదలకు తెగినప్పుడు తప్పించుకున్న రూప్‌చంద్ కూడా ఇప్పుడు ఈ ముద్దకు తగులుతున్నది. ఇది మన నీటిలో పుట్టిన చేప కాదు, దొరికితే తిరిగి కాలువలో విడవకండి. అన్నిటికన్నా ముందు, ఆ నీరు ఎవరిదో కనుక్కోండి. ఊరి చెరువులు, కొన్ని మురుగు కాలువలు మత్స్యకార సంఘాలకో పాటదారులకో పాటకు ఇచ్చి ఉంటాయి. గట్టున కూర్చున్న మనిషిని అడిగితే రెండు నిమిషాలలో తెలిసిపోతుంది, అడిగినవారిని కాదన్నవారిని నేను ఎక్కువగా చూడలేదు.

ఏటి విషయానికి వస్తే, నా మనసంతా పండుగప్ప మీద ఉంటుంది. వైనతేయ మీద బోడసకుర్రు వంతెన నుండి ఓడలరేవు వరకు, వశిష్ఠ మీద చించినాడ, దిండి పరిసరాల నుండి అంతర్వేది వరకు దీనికి అనువైన నీళ్లు. వంతెన స్తంభాల నీడలో, పాత రేవుల శిథిలాల దగ్గర, ఒరిగిపోయి నీటిలో పడ్డ కొబ్బరి మొద్దుల పక్కన అది కదలకుండా పొంచి ఉంటుంది. దానికి బతికిన రొయ్యను మించిన ఎర లేదు. రొయ్య తలలో నల్లగా కనిపించే చోటు తగలకుండా, తోకకు ముందున్న గట్టి పెంకు కిందుగా గాలం దూర్చాలి. అలా గుచ్చిన రొయ్య అరగంటయినా ఈదుతూనే ఉంటుంది. పండుగప్ప పట్టే తీరు వేరు. నోరు ఒక్కసారి తెరిచి, ఎదుట ఉన్న నీటితోపాటు రొయ్యను లోపలికి పీల్చుకుంటుంది. ఆ చప్పుడు రాత్రివేళ చాలా దూరం వినిపిస్తుంది. తగిలిన వెంటనే నీటి పైకి లేచి తల విదిలిస్తుంది. దాని మొప్పల మీది రేకు కత్తిలా పదునుగా ఉంటుంది కాబట్టి, గాలానికి పైన మూరెడు పొడవున మందమైన దారం వేయకపోతే ఆ విదిలింపుకే తెగిపోతుంది. ఒకసారి కార్తీక బహుళ షష్ఠి నాటి రాత్రి లాంతరు వెలుగులో దాని కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా మెరిసి, పడవ అంచుకు జానెడు దూరం దాకా వచ్చి, అలాగే దారం తెంచుకుని పోయింది. పడవ నడిపే బాబాయి తెగిన దారం కొసను వేళ్లతో తడిమి, "దారం తప్పు కాదు మాస్టారండీ, మొప్ప తగిలిందండి, చూడండి ఎంత నున్నగా కోసిందో" అన్నాడు. ఆ దారం ముక్కను నేను ఇప్పటికీ ఎరల పెట్టెలో ఉంచుకున్నాను.

ఈ చేప జీవితం తెలిసినవారు దానిని పట్టే తీరు మార్చుకుంటారు. పండుగప్ప గుడ్లు పెట్టేది మొగలలో, ఉప్పునీటిలో. పిల్లలు ఏటిలోకి, కాలువలలోకి ఎక్కి మంచినీటిలో పెరుగుతాయి. చిన్న వయసులో అన్నీ మగవే. కొన్నేళ్లు పెరిగి పెద్దయ్యాక వాటిలో చాలా వరకు ఆడవిగా మారతాయి. అంటే మనం ఫోటో తీసుకుని మురిసిపోయే పది కిలోల చేప దాదాపుగా గుడ్లు పెట్టే తల్లి. అందుకని నేను మూడు నాలుగు కిలోల లోపు చేపను ఇంటికి తెచ్చుకుంటాను, అంతకు మించినది పడితే గాలం తీసి నీటిలో నిలబెట్టి, అది తనంతట తాను ఈదుకుపోయేదాకా పట్టుకుని వదులుతాను. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, నేను పెట్టుకున్నది. చేపల మీదే బతికే పల్లెకారును అలా చేయమని అడిగే హక్కు నాకు లేదు, సరదాకు పట్టే మనవంటివారికి మాత్రం అది కష్టమైన పనేమీ కాదు. నీలకంఠ రొయ్యది కూడా ఇదే నడక. మంచినీటిలో పెరిగి, గుడ్లతో మొగ వైపుకు దిగి, దాని పిల్లలు మళ్లీ ఎదురెక్కుతాయి.

పులస నడక దీనికి సరిగ్గా ఎదురు. సముద్రంలో బతికినంత కాలం దానిని ఇలస అంటారు. ఆషాఢ శ్రావణాలలో ఎగువన వానలు పడి గోదావరికి ఎర్ర నీరు తగలగానే, గుడ్లు పెట్టడానికి అది సముద్రం విడిచి వరదకు ఎదురీదుతూ ఏరెక్కుతుంది. అలా ఈదిన కొద్దీ ఒంటిలోని ఉప్పు తగ్గి, వెండి రంగు మీద పసిడి ఛాయ తిరిగి, పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట మన వైపు ఇంటింటా వినిపించేదే. చింతపండు పులుసులో బెండకాయలు వేసి, మట్టి దాకలో సన్నని సెగ మీద వండి, ఒక రాత్రి ఉంచి మర్నాడు తింటే తప్ప దాని రుచి తెలియదని మా అమ్మ అనేది. ఇప్పుడు యానాం ఏటిగట్టున మత్స్యకార మహిళలు వేలం వేసేటప్పుడు ఒక్క చేప వేల రూపాయలు పలుకుతున్నది. ఒడిశా, బెంగాల్ నుండి మంచులో వచ్చిన ఇలసను పులసగా అమ్మేవారు కూడా ఉన్నారు కాబట్టి, తెలిసినవారు పక్కన లేకుండా కొనవద్దు.

పులసను గాలంతో పడతామని వచ్చేవారికి ముందే చెప్పాలి, అది గాలానికి పడదు. నీటిలో తేలే అతి సూక్ష్మమైన జీవులను మొప్పలతో వడకట్టుకుని తినే చేప అది, ఎర్రనో రొయ్యనో నోటితో అందుకునే అలవాటు దానికి లేదు. దానిని చూడాలంటే వల పడవ మీద వెళ్లాలి. వరద ఉరవడిలో ఏటికి అడ్డంగా వల విడిచి, పడవతోపాటు వలను కూడా నీటి వాలుకు జారనిస్తూ, గంటకో రెండు గంటలకో తీసి చూస్తారు. పది సార్లు తీస్తే తొమ్మిది సార్లు ఉత్త వలే వస్తుంది. ఏటిలో కొట్టుకొచ్చే దుంగలు తగిలి వల చిరిగితే ఆ రోజు సంపాదన ఆ వలకే సరిపోదు. రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో నేను ఎక్కిన పడవలో ఆ రాత్రికి దొరికింది ఒక్క పులస. వలలో నుండి తీసిన కొద్ది క్షణాలకే అది కదలడం మానేసింది, దానికి ప్రాణం అంత సున్నితం. నా అరచేతికి అంటిన పొలుసు ఒక వైపు వెండిగా, కాస్త వంచి చూస్తే లేత బంగారు రంగుగా కనిపించింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్టతో ఈ డెల్టా అన్నపూర్ణ అయింది, మా తాతముత్తాతల ఆకలి తీరింది, ఆ మేలు మరచిపోగలిగినది కాదు. అయితే ఆనకట్ట, తరువాత దాని చోటున కట్టిన 175 గేట్ల బ్యారేజీ, పులస ఎదురీదే దారికి అడ్డుపడ్డాయి. ఇప్పుడు దాని ప్రయాణం చాలావరకు ధవళేశ్వరం దగ్గరే ఆగిపోతున్నది. గుడ్లు పెట్టే చోటు కుదించుకుపోయిన చేప ఏటేటా తగ్గకుండా ఎలా ఉంటుంది? వరదలు తగ్గాక సముద్రానికి దిగే పులస పిల్లలను సన్నకంటి వలలతో పట్టేయడం మానితేనైనా కొంత మిగులుతుందని ఏటి మీద బతికే పెద్దలే అంటున్నారు.

వరదలు తీసి తూర్పు గాలి తిరిగాక, దసరా నుండి కార్తీకం వరకు యానాం, భైరవపాలెం వైపు చీరమేను వస్తుంది. సూది మొనంత చేపపిల్లలు గుంపులు గుంపులుగా పోటుతో ఏటి అంచులకు చేరతాయి. ఏ వలలోనూ నిలవవు కాబట్టి చీరను నీటిలో పరిచి ఎత్తి పట్టేవారు, ఆ పేరు అలా వచ్చింది. తూకం లేదు, గ్లాసులతో, తవ్వలతో, బకెట్లతో కొలిచి అమ్ముతారు. గారెలుగా వేసినా, చింతచిగురుతో ఇగురు పెట్టినా అమోఘంగా ఉంటుంది, కాదనను. అయితే అది ఒక జాతి చేప కాదు, రకరకాల చేపల పసికూనలు కలగలిసిన గుంపు. ఒక్క గ్లాసులో ఎన్ని వేల చేపలు పెరగకుండా పోతున్నాయో లెక్క తెలిసిన నాటి నుండి నేను కొనడం మానేశాను. చూడడానికి మాత్రం తప్పక వెళ్లండి.

కోరంగిలో నాకు జరిగినది చెప్పాలి, ఎందుకంటే బయటినుండి వచ్చేవారు చేసే పొరపాటే అది. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవి, పాయలు, బురద మేటలు. అభయారణ్యంలో సరదా వేటకు వీలులేదు. అక్కడ పడవ షికారు ఉంది, చెక్క బాట ఉంది, ఆ వేళ్ల నడుమ ఎన్ని చేపపిల్లలు తలదాచుకుంటాయో చూసి రావచ్చు. మేము వేటకు వెళ్లినది దాని హద్దుకు వెలుపల ఉన్న ఒక పాయలోకి. పన్నెండేళ్ల కిందట, పౌర్ణమి మరుసటి రోజు. గొరకలు వరుసగా పడుతున్నాయి. పడవవాడు రెండుసార్లు "నీరు లాగేస్తోందండి, మళ్లించేద్దామండి" అన్నాడు. ఇంకొక్క పావుగంట అని ఆపినది నేనే. పావుగంట తరువాత పడవ అడుగు బురదకు ఆనింది, ఇంకాసేపటికి పాయలో నీరే లేదు. దిగి నెడదామంటే మోకాలి పైదాకా కూరుకుపోయే బురద. మళ్లీ పోటు ఎక్కేదాకా ఆరు గంటలు అక్కడే కూర్చున్నాము. తాగే నీరు మధ్యలోనే అయిపోయింది. మాతో వచ్చిన కుర్రవాడికి ఎండదెబ్బ తగిలి వాంతులయ్యాయి, వాడి ముఖం చూస్తూ నేను పడిన భయం ఇంతా అంతా కాదు. నీరు లేని ఆ పాయలో బురదచేపలు రెక్కల మీద పాకుతూ గెంతుతున్నాయి, మండపీతలు బొరియల నుండి ఒక డెక్క బయటపెట్టి చూస్తున్నాయి, అవతలి గట్టున నీటికుక్కల జంట ఒకటి చేపను పంచుకుని తిన్నది. వేరే రోజైతే అది చూడడానికే వెళ్లేవాళ్లం. ఆనాటి నుండి పడవ నడిపే మనిషి మళ్లిద్దామంటే, గాలానికి చేప తగిలి ఉన్నా సరే, నేను మారు మాట్లాడలేదు. సన్న పాయలలోకి పోటు ఎక్కేటప్పుడు వెళ్లండి, నిండగానే బయటపడండి.

సముద్రం సంగతి క్లుప్తంగానే రాస్తాను, నేను ఏటి మనిషిని. ఒడ్డు నుండి గాలం వేయడానికి ఓడలరేవు, ఎస్‌.యానాం, అంతర్వేది తీరాలు మంచివి. ఏరు కలిసే చోటుకు మరీ దగ్గరగా నడుములోతు నీటిలోకి దిగకండి, పాటు తీసేటప్పుడు కాలి కింద ఇసుక ఒక్కసారిగా జారిపోతుంది. ఈ తీరాలలో ఉదయం పూట అలివి వల లాగడం చూడవచ్చు. పడవ మీద వలను అర్ధచంద్రాకారంలో సముద్రంలో విడిచి వస్తారు, ఇరవై ముప్పై మంది రెండు కొసలూ పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ ఒడ్డుకు లాగుతారు. మీరూ ఒక చెయ్యి వేయవచ్చు, వద్దనరు. తాడు తడి ఇసుకతో గరుకెక్కి ఉంటుంది, అరగంట లాగితే అరచేతులు మండుతాయి. చివరికి సంచి ఒడ్డెక్కినప్పుడు కవ్వలు, కానాగంతలు, సావడాలు ఎండలో తళతళలాడుతూ కుప్ప పడతాయి. లాగినవారికి పంచే వాటాలో మీకూ గుప్పెడు చేపలు ఇవ్వబోతారు. వారి వాటా నుండి పోయేది అది, కాబట్టి తీసుకున్నా విలువ ఇచ్చి తీసుకోండి.

లోతు సముద్రంలోకి వెళ్లాలంటే కాకినాడ, ఉప్పాడ మేలు. హోప్ ఐలాండ్ అన్న పొడవాటి ఇసుక దిబ్బ అడ్డుగా ఉండడం వల్ల కాకినాడ అఖాతం చెరువులా నెమ్మదిగా ఉంటుంది, మొదటిసారి సముద్రం ఎక్కేవారికి కడుపులో తిప్పదు. దిబ్బ దాటాక వంజరం, సూర, అదృష్టం ఉంటే కొమ్ముకోనాం గాలానికి తగులుతాయి. వీటికి నడిచే పడవ వెనుక దారం విడిచి లాగడమే పద్ధతి. ఒక్క కచిడి దొరికితే దాని గాలితిత్తికి ఉన్న గిరాకీ వల్ల లక్షల రూపాయలు వస్తాయని మీరు వార్తలలో చదివే ఉంటారు. అది నిజమే కాని, దాన్ని చూడకుండానే వేట మానేసిన పెద్దలు ఎందరో ఉన్నారు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు సముద్రంలో వేట నిషేధం, ఆ రోజులలో డబ్బు ఇస్తామని పడవవాళ్లను బలవంతపెట్టకండి. జనవరి నుండి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుక తీరాలకు వస్తాయి, రాత్రిపూట ఒడ్డున లైట్లు వేసి తిరగడం వాటికి చేటు.

అక్టోబరు, నవంబరు నెలలలో ఏటి వేట ఎంత బాగుంటుందో తుపాను భయం అంత ఉంటుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు మా తీరాన సముద్రం మీద ఉన్నవారు ఎందరో తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఈ మాట ఎత్తితే ఈనాటికీ మనుషులు మాట్లాడకుండా ఊరుకుంటారు. ఓడరేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని తెలిస్తే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా ప్రయాణం మానుకోవాలి. ఏటి మీదనైనా లైఫ్‌ జాకెట్టు వేసుకోకుండా పడవ ఎక్కవద్దు. దొరికినన్ని చేపలు పట్టుకుని, తెగిన నైలాను దారాలను నీటిలో పారేసి పోయేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఆ దారం కాళ్లకు చుట్టుకుని కొంగలు చావడం చూశాను. రొయ్యల చెరువుల నుండి మందులు కలిసిన నీరు మురుగు కాలువలోకి వదిలిన రోజున చేపలు తెల్లగా తేలిన దృశ్యం కూడా చూశాను. అది ఎవరి చెరువో మా ఊరిలో అందరికీ తెలుసు, అడిగినవారు మాత్రం లేరు. అడగని వారిలో నేనూ ఒకణ్ణి.

పడవ విషయంలో నా సలహా ఒకటే. బయటి ఊరి నుండి పడవలు తెచ్చుకోకండి, ఆ రేవులో బతికే మనిషి పడవే కట్టించుకోండి. ఎక్కడ ఇసుక మేట కొత్తగా వేసిందో, ఏ రాట పక్కన ఎవరి వల ఉందో ఆయనకు తెలుస్తుంది. దారిలో వల బెండ్లు కనిపిస్తే ఇంజను ఆపి తిప్పుకుని వెళ్తాడు. ఒకరి వల తెగిందంటే ఆ రేవులో మీకు మళ్లీ ఎవరూ పడవ కట్టరు. రోజు కూలి ముందే మాట్లాడుకోండి, చేప పడకపోయినా అదే ఇవ్వండి. దిండిలో బస దొరుకుతుంది, అమలాపురం నుండి రోడ్డు మీద అన్ని మొగలకూ చేరవచ్చు, సఖినేటిపల్లి దగ్గర పంటు ఎక్కి వశిష్ఠను దాటి నరసాపురం వెళ్లడం ఒక్కటీ మానకండి.

ఈ కార్తీకంలో శుద్ధ పంచమి నాటికి బాబాయికి కబురు పంపాను. పాత పడవకు కొత్తగా తారు పూయించాడట, రొయ్యలు ముందు రోజు సాయంత్రమే పట్టి తడి గోనె కప్పి ఉంచుతానన్నాడు. పోటు నిండే వేళకు వంతెన కింద మూడో స్తంభం దగ్గర ఉండాలి. ఆ రోజుకు పడవలో ఒక మనిషికి చోటు ఉన్నది.